కుడిపక్క పెట్టె

గడియారాలు బాగుచేసే దుకాణం మీద ఒక పెద్ద గది ఉంది. చాలాకాలం అందులో గోడ గడియారాల చెక్క డబ్బాలు, కాలు విరిగిన కుర్చీలు, ఇచ్చినవాళ్లు మళ్లీ అడగడానికి రాని సామాను పడి ఉండేవి. దుకాణం ఆయనకి ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో, ఆ గది ఖాళీ చేయించాడు. ఒక గోడకి తెల్లరంగు కొట్టించాడు. కుర్చీలు తెచ్చి వేయించాడు. ఇక నుంచి ఆదివారం మధ్యాహ్నాలు వీధిలో వాళ్లకి ఊరికే సినిమా చూపిస్తానని కనిపించిన ప్రతివాడికీ చెప్పేశాడు. అంతా చెప్పేశాక గుర్తొచ్చింది, సినిమా చూపించడం తనకి చేతకాదని.

చేతనైనవాడు దూరాన లేడు. ఆయన అక్క మొగుడే. పక్క సందులో ఇల్లు. సినిమా హాల్లో ఆపరేటరుగా చేరి, ఆ హాలు మూతబడేదాకా అందులోనే ఉన్నాడు. హాల్లో ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవాళ్లు. మిషను గదిలో కూర్చుని, అంత మోతలోనూ, కింద ఏ మూల స్పీకరు పెట్టె గరగరమంటోందో చెప్పేవాడు. కొత్త పెట్టెలు బిగించినప్పుడల్లా మేనేజరు ఆయన్ని మధ్య వరసలో కూర్చోబెట్టేవాడు. ఆయన కాసేపు విని "సరే" అనేవాడు. ఆ మాట పడితేగాని టిక్కెట్ల కిటికీ తెరిచేవాళ్లు కాదు.

హాలు మూశాక ఆయన "సరే" ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇంట్లో ఫ్యాను చప్పుడు మారిందని చెబితే, "మీ చెవులకి పనిలేక" అనేది ఇంటావిడ. ఆయన మొదట్నుంచీ మాట పొదుపు మనిషి. ఆ తర్వాత మరీ పొదుపైపోయాడు.

బావమరిది ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"బావా, ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే పట్టుకొచ్చాను. అయిదు చిన్న పెట్టెలు, గుమ్‌గుమ్‌మనే పెద్దది ఒకటి. ముందూ వెనకా అన్ని వైపుల్నుంచీ శబ్దం వస్తుందిట. నువ్వు సరే అంటే ఈ ఆదివారం తలుపు తీస్తాను. అనకపోతే తియ్యను."

"నా సరే ఎందుకురా ఇప్పుడు?"

"వీధిలో అందరూ అదే అడుగుతున్నారు. పాముచెవులాయన చూశాడా అని."

ఆయన బదులు చెప్పలేదు. లేచి వెళ్లి చొక్కా తొడుక్కున్నాడు. బదులు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని ఇంటిల్లిపాదికీ తెలుసు. చెప్పించుకోకుండా చొక్కా తొడుక్కుంటే పట్టరాని సంతోషమని మాత్రం ఆవిడ ఒక్కదానికే తెలుసు.

కంప్యూటరు కోడలు తెచ్చింది. ఆమె ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది. పాతబడిపోయిందని వాళ్లు పక్కన పడేసిన దాన్ని అడిగి తెచ్చి, తుడిచి, అందులో విండోస్ బదులు లైనక్స్ వేసింది.

"ముసలి మిషన్ల మీద ఇది బాగా నడుస్తుంది మామయ్యా. కాకపోతే కాస్త బతిమాలుకోవాలి."

"ఎవర్ని?"

"దాన్నే."

"మా ఇంట్లో ముసలి మిషనొకటి ఉంది. దాన్నీ అంతే," అంది అత్తగారు.

పైగదిలో కుర్చీల వెనక బల్ల వేసి దాని మీద కంప్యూటరూ, తెల్లగోడని తెరగా చేసే ప్రొజెక్టరూ పెట్టారు. పక్కన ఆంప్లిఫయర్. కంప్యూటరుకీ దానికీ మధ్య సన్నటి నల్ల తీగ. దాని లోపల రాగి లేదు, గాజులాంటి పోగు ఉంది. కొస దగ్గర అరచెయ్యి పెడితే ఎర్రటి చుక్క పడుతుంది. శబ్దం అందులో వెలుతురులా వెళ్తుందని కోడలు చెప్పింది. ఆయన ఆ చుక్కని అరచేతిలో వేసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇందులో పాటుందా?"

"ఉంది మామయ్యా."

"వెచ్చగా కూడా లేదే."

మొదట అసలేమీ పలకలేదు. కోడలు ఒక నల్లటి తెర తెరిచి టకటకా ఏదో కొట్టింది. నిలువు గీతలు వరసగా వచ్చాయి. ఒక్కో గీత ఒక్కో దారి. డిజిటల్ దారి కింద మూసేసిన గుర్తు ఉంది. "ఇదిగో, దీని నోరు కట్టేసి ఉంది" అని ఒక మీట నొక్కింది. ముందున్న రెండు పెట్టెలూ గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసి పాట అందుకున్నాయి. మిగతావి ఉలకలేదు, పలకలేదు. ఆంప్లిఫయర్ అద్దం మీద రెండు అనే అంకె వెలుగుతోంది. తనకి రెండే అందుతున్నాయని అది ఒప్పేసుకుంటోంది.

ఆయన చెప్పులు విడిచి ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్లి, వేలి కణుపుతో తట్టి, తీగ లాగి చూసి వచ్చాడు. హాల్లోనూ అలాగే చేసేవాడు. పెట్టెల్లో లోపం లేదు.

"పెట్టెల తప్పు కాదు మామయ్యా. ఈ తీగ ఇరుకు సందు లాంటిది. ఇద్దరు పక్కపక్కన నడిచి పోగలరు. మన వాళ్లు ఆరుగురు. అందర్నీ ఒక మూటలో కట్టి పంపాలి. అటు ఆంప్లిఫయర్ మూట విప్పుకుంటుంది. దీనికి మూట కట్టడం వచ్చు గానీ, చెప్పందే కట్టదు."

"చెప్పు మరి."

"చెప్తూనే ఉన్నా. వినట్లేదు."

"మీ ఆయన పోలిక," అంది అత్తగారు మంచినీళ్ల సీసాతో మెట్లెక్కి వస్తూ.

మూట కట్టే సరుకు విడిగా తెచ్చి ఎక్కించాలి. ఎక్కించింది. దాని సంగతి ఒక ఫైల్లో రాయాలి. రాసింది. శబ్దం చూసుకునే విభాగాన్ని నిద్రపుచ్చి మళ్లీ లేపాలి. లేపింది. అది లేచి, తనకి డిజిటల్ దారే లేదంది. రాసిన దానిలో ఎక్కడో చుక్క తక్కువైంది. దిద్దింది. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ కూర్చుంది. ఆయన పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని ఆంప్లిఫయర్ అద్దాన్నే చూస్తున్నాడు. ఒకసారి రెండు పోయి కొత్త గుర్తు వెలిగింది. ఆయన వేలెత్తి చూపించాడు, అంతే. కోడలు కుర్చీకి జేరబడి ఊపిరి వదిలింది.

బావమరిదిని పిలిచారు. ఆయన ఒంటికంటి భూతద్దం నుదుటి మీదకి నెట్టుకుని దుకాణంలోంచి అలాగే పైకొచ్చాడు. ఏదో సినిమా వేశారు. తెర మీద ఒకడు తలుపు తీసి, ఎవరక్కడ అన్నాడు. గొంతు కుర్చీల వెనకనుంచి వచ్చింది. బావమరిది గభాల్న లేచి వెనక్కి తిరిగాడు.

"నేనే, పైన ఉన్నా," అని మెట్ల వైపు బదులు కూడా చెప్పాడు.

అందరూ నవ్వారు. పాముచెవులాయన కూడా పెదవి చివర నవ్వాడు.

"వరస తప్పింది," అంది కోడలు. "ముందు ఇద్దరూ అయ్యాక కంప్యూటరు వెనకవాళ్లని నిలబెడుతోంది. మూట కట్టేది మాత్రం మూడోవాడు మధ్యవాడని అనుకుంటోంది. అందుకే మధ్యవాడి మాట వెనక్కి పోతోంది."

వరస దిద్దింది. దిద్దాక పరీక్ష పెట్టింది. ఆ పరీక్షలో ఒక ఆడపిల్ల గొంతు ఒక్కో పెట్టెలోంచీ తానున్న చోటు చెబుతుంది. ఫ్రంట్ లెఫ్ట్ అంటుంది, ఫ్రంట్ రైట్ అంటుంది, వెనక్కి వెళ్లి రియర్ రైట్, రియర్ లెఫ్ట్ అంటుంది. ఒక చుట్టు పూర్తయితే మళ్లీ మొదలు. అత్తగారు ఆమెకి హాజరు పిల్ల అని పేరు పెట్టింది. ఆయన ఒక్కడూ ఎప్పుడు కావాలంటే అప్పుడు పరీక్ష పెట్టుకోవడానికి కోడలు తెర మీద చెవి బొమ్మ ఒకటి పెట్టింది. దాన్ని నొక్కితే హాజరు మొదలవుతుంది.

ఆయన మధ్య కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ కుర్చీ. గదిలో ఎవరూ కదల్లేదు. హాజరు పిల్ల ఒక చుట్టు తిరిగింది. ఆయన కళ్లు తెరవలేదు. రెండో చుట్టు తిరిగింది.

"కాలేదు," అన్నాడు.

"ఏది మామయ్యా?"

"కుడిపక్కది. ముందుదీ వెనకదీ రెండూ. ఆ పిల్ల కుడి అంటోంది గానీ కుడిపక్క లేదు. పక్కింట్లోంచి పిలిచినట్టుంది. అదీ ఎడమనుంచే."

కోడలు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. విన్నది. ఆమెకి కుడిపక్క పెట్టె కుడిపక్కనే, ఎడమదానికి ఏమీ తీసిపోకుండా వినిపించింది. నోరు తెరిచి ఆ మాటే చెప్పబోయింది. ఎదురుగా నిలబడ్డది పాముచెవులాయన. ఆయనకి వినిపించని తేడా తనకి వినిపిస్తుందా? ఆయనకి వినిపించిన తేడా తనకి వినిపించకపోవడంలో వింతేముంది?

"నాకు బాగానే ఉన్నట్టుంది," అంది మెల్లగా.

"నీకు చిన్నప్పట్నుంచీ ఫోన్లో వినడం అలవాటు, తల్లీ."

"అవును మామయ్యా," అంది.

బావమరిది కూడా కూర్చుని విన్నాడు. ఆయనకీ బాగానే ఉంది. అయినా గడ్డం గోక్కుని, "అవును, ఏదో ఉంది" అన్నాడు. ఆ ఇంట్లో శబ్దం దగ్గర ఎవరి చెవిని వాళ్లు నమ్ముకోవడం ఎప్పుడూ లేదు. పాముచెవులాయన విన్నదే విన్నట్టు. ఆవిడ మాత్రం చివరి కుర్చీలోనే ఉండిపోయింది. మధ్య కుర్చీలో కూర్చుని వినమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు కూడా.

ఆయన తన పద్ధతిలో దిగాడు. ఆయన పద్ధతి ఒక్కటే. అటుది ఇటు, ఇటుది అటు మార్చడం. మార్చిన దానితో పాటు తప్పు కూడా కదిలితే, తప్పు దానిదే. కదలకపోతే దానిది కాదు. ముందు తీగలు మార్చాడు. కుడిపక్క బాగుపడలేదు. పెట్టెలు మోసి అటువి ఇటు పెట్టాడు. బాగుపడలేదు. కోడలి చేత కంప్యూటర్లో ఎడమనీ కుడినీ తారుమారు చేయించాడు. హాజరు పిల్ల కుడి పెట్టెలో కూర్చుని ఎడమ అంది. ఏ పేరుతో పిలిచినా ఆ పక్కనుంచి వచ్చేది అలాగే చిక్కిపోయి వస్తోంది.

"అయితే గది తప్పు," అన్నాడు.

కుడిగోడకి వీధిలోకి తెరుచుకునే పెద్ద కిటికీ ఉంది. శబ్దం అందులోంచి పారిపోతోందన్నాడు. కిటికీ మూయించాడు. దుప్పటి కట్టించాడు. గదిలో గాలాడక అందరికీ చెమటలు పట్టాయి గానీ, కుడిపక్క అలాగే ఉంది.

"చేసేదేముంది. అటుపక్కవి పెంచెయ్ అమ్మాయ్."

కోడలు గీతలు కాస్త పైకి జరిపింది.

"ఇంకొంచెం."

జరిపింది.

"ఇంకా."

"మామయ్యా, గీత చివరికొచ్చేసింది."

ఆయన తల పంకించాడు. సరే అనలేదు. "రేపు జనాన్ని కూర్చోబెట్టి చూద్దాం" అన్నాడు. కోడలు కంప్యూటరు కట్టేసే ముందు మొదట్లో గీతలు ఎక్కడెక్కడున్నాయో ఆ వరసని విడిగా దాచిపెట్టింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆవిడ అడిగింది.

"చెవి డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లొద్దామా?"

"ఎవరికి?"

"ఊరికే."

"నీకేమైనా నొప్పా?"

"నాకేం లేదు."

"మరి ఊరికే ఎందుకు," అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

శనివారం సాయంత్రం కొద్దిమందిని పిలిచారు. మందుల దుకాణం దంపతులు, సెలూన్ ఆయన, కుట్టుపని నేర్పే టీచరమ్మ, మరో నలుగురైదుగురు. సినిమా వానతో మొదలైంది. గది నిండా వాన పడింది. బావమరిది అప్రయత్నంగా నెత్తి తడుముకున్నాడు.

ఆయన వెనక బల్ల దగ్గర నిలబడి జనం తలలు చూస్తున్నాడు. ముందు మందుల దుకాణం ఆవిడ లేచింది. వంగి వంగి నడిచి ఎడమపక్క వరసలోకి వెళ్లి కూర్చుంది. కాసేపటికి ఆమె భర్తా వెళ్లాడు. భార్య దగ్గరికి వెళ్లాడులే అనుకున్నాడు ఆయన. సెలూన్ ఆయన కుడిచెవిలో దురద పుట్టినట్టు వేలు పెట్టుకున్నాడు. ఆ దురద ఎంతకీ తీరలేదు. ఉరుము ఒకటి ఉరిమింది. సెలూన్ ఆయన లేచి, కుర్చీ కూడా ఎత్తుకుని, చప్పుడు కాకుండా ఎడమపక్కకి చేరాడు. టీచరమ్మ వాచీ చూసుకుని, పని గుర్తొచ్చినట్టు ముఖం పెట్టి, గుమ్మందాకా వెళ్లి, మళ్లీ వచ్చి ఎడమపక్కే కూర్చుంది.

సినిమా సగానికొచ్చేసరికి కుడిపక్క కుర్చీలన్నీ ఖాళీ. ఎడమపక్క జనం ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత ఇరుగ్గా కూర్చున్నారు. ఆయన తలెత్తి ఫ్యాన్లు చూశాడు. రెండు పక్కలా తిరుగుతున్నాయి.

అయిపోయాక అందరూ మర్యాదగా మాట్లాడారు.

"వాన అద్భుతం అండీ," అన్నాడు మందుల దుకాణం ఆయన. "తడిసిపోయాం."

"ఉరుము..." అని ఆగాడు సెలూన్ ఆయన. "ఉరుము ఉరుములాగే ఉంది."

పాముచెవులాయనకి శబ్దం గురించి చెప్పే మొనగాడు ఆ వీధిలో లేడు.

ఇంటికి నడుస్తూ ఆయన ఆవిణ్ని అడిగాడు. "ఎలా ఉంది?"

ఆవిడ ఆయన ఎడమపక్కన నడుస్తోంది. "బాగుంది" అంది.

"నువ్వెందుకు ఎడమపక్కకి వెళ్లి కూర్చున్నావు?"

"నేనెప్పుడూ అటే కదా కూర్చునేది," అంది ఆవిడ.

మర్నాడు ఆదివారం. సినిమా మధ్యాహ్నం. ఆయన పొద్దున్నే తాళం తీసుకుని ఒక్కడూ పైకెళ్లాడు. కిటికీకి కట్టిన దుప్పటి సందులోంచి ఎండ గీతలా పడుతోంది. కుర్చీలు నిన్న ఎలా వదిలారో అలాగే ఉన్నాయి, అన్నీ ఒకే పక్కకి పోగుపడి. ఆయన వాటిని చూస్తూ నిలబడ్డాడు. హాల్లో ఉన్నప్పుడు కూడా ఒక పెట్టె చెడితే జనం ఇలాగే జరిగేవాళ్లు. అయితే అప్పుడు చెడ్డపెట్టె మాట సరిగ్గా అందక దాని దగ్గరికి జరిగేవాళ్లు. ఇక్కడ దూరంగా పారిపోయారు.

మధ్య కుర్చీలో కూర్చుని చెవి బొమ్మ నొక్కించుకుందామంటే కోడలు లేదు. తనే లేచి నొక్కి వచ్చి కూర్చున్నాడు. ఫ్రంట్ లెఫ్ట్, నిక్కంగా ఉంది. ఫ్రంట్ రైట్, ఇంత పెంచాక కూడా ఏదో ముసుగేసుకున్నట్టే ఉంది.

తీగలు మార్చాడు. పెట్టెలు మార్చాడు. పేర్లు మార్పించాడు. కిటికీ మూశాడు. ఇంకా మార్చనిదేముంది?

చుట్టూ చూశాడు. గదిలో మార్చనిది తనొక్కడే.

లేచి కుర్చీని తెర వైపు నుంచి వెనక్కి తిప్పాడు. తెరకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు కిటికీ ఎడమపక్కకి వచ్చింది. హాజరు పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. ఫ్రంట్ లెఫ్ట్ అంది. నిన్నటిదాకా నిక్కంగా ఉన్న ఆ పెట్టె చిక్కిపోయి పక్కింటికి వెళ్లిపోయింది. ఫ్రంట్ రైట్ అంది. చెవి పక్కన ఇత్తడి పళ్లెం పడినట్టయింది. ఆయన ఉలిక్కిపడి కుర్చీ పట్టుకున్నాడు. అంత మోత. ఆ మోతలో జనాన్ని కూర్చోబెట్టాడు.

తప్పు తనతో పాటు కదిలింది.

హాజరు ఆపేశాడు. మళ్లీ వచ్చి ఆ తిరగేసిన కుర్చీలోనే కూర్చున్నాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఎడమచెవి దగ్గర రుద్దాడు. పొడి ఆకు నలిపినట్టు వినిపించింది. కుడిచెవి దగ్గర రుద్దాడు. వేళ్లు రుద్దుకుంటున్నట్టు వేళ్లకి తెలిసింది, చెవికి తెలియలేదు.

ఎప్పట్నుంచి? గుర్తు చేసుకుంటే ఒక్కొక్కటే వచ్చాయి. ఫోను ఎడమచేతికి ఎప్పుడు మారిందో తెలియదు. బావమరిది దుకాణంలోంచి పిలిచినా పలకలేదని రెండు మూడుసార్లు దెప్పాడు. మాట్లాడని మనిషి పలక్కపోతే ఎవరికి అనుమానం వస్తుంది? తనకే రాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అటువైపు ఎడమచెవి ఉంది గనక వినిపించింది. ఆవిడ వచ్చి, తెరకి వీపు పెట్టి కూర్చున్న మనిషిని చూసి గుమ్మంలో ఆగింది. ఒక కుర్చీ తెచ్చుకుని, తిప్పి, ఆయన ఎడమపక్కన వేసుకుంది.

"నువ్వు ఈ పక్కకి ఎప్పుడు మారావే?" అన్నాడు ఆయన.

ఆవిడకి ప్రశ్న మళ్లీ చెప్పించుకోవాల్సిన అవసరం రాలేదు.

"ఆ పక్కనుంచి చెప్పిన మాట ఒక్కటీ మీకు దక్కట్లేదని తెలిశాక."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాను. ఈ పక్కనుంచే చెప్పాను. చెవిలో గుబిలి అన్నారు. ఇంకోసారి చెప్తే, నా చెవులకేం, పాము చెవులు అన్నారు. మూడోసారి చెప్పడం నాకే బాగోలేదు. ఎటు కూర్చుంటే ఏముంది, మనిషి అదే కదా అని ఇటొచ్చేశాను."

ఆయన కుడిచెవి తడుముకున్నాడు.

"మధ్యాహ్నం వాడు సరే అనమంటాడు," అన్నాడు.

"అనండి. ఎవరికి తెలుస్తుంది?"

"కుర్చీలకి తెలిసింది నిన్న."

ఆవిడ పోగుపడిన కుర్చీల వైపు చూసింది. నవ్వాపుకుంది గానీ భుజాలు కదిలాయి. చివరికి ఆయనా నవ్వాడు.

"ఆ సెలూన్ అబ్బాయి కుర్చీ కూడా ఎత్తుకుపోయాడు," అంది.

"చూశాను."

"టీచరమ్మ పాపం, పారిపోదామని గుమ్మందాకా వెళ్లి..."

"చూశాన్లే."

కోడల్ని పిలిపించారు. ఆయన చెప్పింది ఒక్క మాటే. "కుడిపక్క పెంచినదంతా తీసెయ్ తల్లీ. తప్పు దాన్లో లేదు. నా చెవిలో ఉంది."

కోడలు ఆయన ముఖంలోకి చూసి, తర్వాత అత్తగారి ముఖంలోకి చూసింది. మొదట దాచిపెట్టిన వరసని తెరిచి గీతలు పాతచోటికి దించింది.

"నాకు మొదట్నుంచీ బాగానే వినిపించింది మామయ్యా. చెప్పడానికి నోరు రాలేదు."

"ఈసారి రానియ్," అన్నాడు ఆయన.

తర్వాత ఆయన కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఒక్క చెవి మంచిదే గనక, అన్ని పెట్టెల్నీ ఆ ఒక్క చెవికే వినిపించాలి. మధ్య కుర్చీ కాళ్లు ఎక్కడున్నాయో సుద్దముక్కతో గీసుకున్నాడు. హాజరు పిల్లని ఒక్కో పెట్టెలో నిలబెట్టమన్నాడు. ఏ పెట్టె పలికితే దానికి ఎడమచెవి అప్పగించేలా కుర్చీ తిప్పుకుని వింటున్నాడు. ముందు ఎడమది విన్నాక సగం చుట్టు తిరిగి వెనక కుడిది వింటున్నాడు. కోడలు గీత కాస్త కదుపుతోంది. ఆయన వేలితో పైకి, కిందకి అంటున్నాడు. ఒకే చెవి గనక పోల్చడం తేలికైంది. ఈ చెవి అబద్ధం చెప్పినా అన్ని పెట్టెలకీ ఒకే అబద్ధం చెబుతుంది.

బావమరిది పైకొచ్చాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది.

"ఏంటి బావా, కుర్చీలో గానుగెద్దులా తిరుగుతున్నావు?"

"నా కుడిచెవి పోయిందిరా."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ అవునన్నట్టు కళ్లు వాల్చింది. బావమరిది ఒక కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"పూర్తిగానా?"

"ఉన్నట్టే లేదు. నిన్న మీ అందరి చెవులూ చిల్లులు పొడిచింది నేనే. కంప్యూటరుదేం తప్పు లేదు, గదిదీ లేదు. నా సరేకి ఇక విలువ లేదు. వేరే ఎవర్నైనా చూసుకో."

బావమరిది భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి మళ్లీ కంటికి పెట్టుకున్నాడు.

"నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఒంటికన్నుతోనే కదా బావా పనిచేసేది. రెండోది మూసే ఉంటుంది. ఎవరైనా వచ్చి, నీది సగం పనే అన్నారా?"

"నీది మూసుకున్న కన్ను. నాది మూసుకుపోయిన చెవి."

"ఆ తేడా గడియారానికి తెలియదులే." భూతద్దం నుదుటి మీదకి నెట్టి, "పేరు మాత్రం మార్చాలేమో. ఇన్నాళ్లూ చెవులన్నాం. ఇక ఒకటి తగ్గించి చెవి అనాలి" అన్నాడు.

"అనుకో," అన్నాడు ఆయన. మెడ మీదనుంచి ఏదో బరువు దించినట్టు కనిపించాడు.

గీతలన్నీ కుదిరాయి. మామూలుగా అయితే ఇక్కడ ఆయన మధ్య కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, సరే అనాలి. కోడలూ బావమరిదీ ఆయన్నే చూస్తున్నారు. ఆయన కుర్చీ తెర వైపు తిప్పి, సుద్ద గుర్తుల మీద సరిగ్గా నిలిపి, ఆవిడ వైపు చూశాడు.

"నువ్వు కూర్చో."

"నేనా? నాకేం తెలుసు?"

"రెండు చెవులున్నాయిగా. కూర్చోవే."

ఇన్నేళ్లలో శబ్దం గురించి ఆవిణ్ని ఎవరూ అడిగింది లేదు. ఆవిడ కొంగు సర్దుకుని, కంటి అద్దాలు కూడా సర్దుకుని కూర్చుంది. వినడానికి అద్దాలెందుకని బావమరిది అనబోయి, బావ ముఖం చూసి ఊరుకున్నాడు. హాజరు పిల్ల గదంతా ఒక చుట్టు తిరిగింది. ఆవిడ కళ్లు మూసుకుంది. ఇంకో చుట్టు అడిగింది. మూడోదీ అడిగింది.

"వెనక కుడిది కాస్త ముందుకి వస్తున్నట్టుంది," అంది. "తప్పయితే ఏమనుకోకండి."

ఆయన కోడలికి వేలితో కిందకి అని చూపించాడు. ఆమె రవ్వంత దించింది. హాజరు మళ్లీ తిరిగింది.

"ఇప్పుడు?"

ఆవిడ తొందరపడలేదు. ఆయనలాగే కాసేపు ఆగింది.

"సరే," అంది.

మధ్యాహ్నం తలుపు తీశారు. దుప్పటి తీసేసి కిటికీకి మామూలు తెర వేశారు. గదిలో గాలి ఆడుతోంది. నిన్న వచ్చినవాళ్లు ఈరోజు కూడా ఎడమపక్కే చూసుకుని కూర్చోబోయారు. వెనక వచ్చినవాళ్లకి చోటు లేక కుడిపక్కకి వెళ్లారు. సెలూన్ ఆయన ఆలస్యంగా వచ్చి, కుడిపక్కే దొరికి, ముందుజాగ్రత్తగా చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాన మొదలైంది. ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగి ఒళ్లో పడింది. ఉరిమినప్పుడు కూడా లేవలేదు.

పాముచెవులాయన కుడిపక్క చివర, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. అలా కూర్చుంటే గదంతా ఆయన మంచి చెవి వైపే ఉంటుంది. ఆ పక్కన ఆవిడ.

సినిమాలో ఒక రైలు వచ్చింది. ఎడమ మూలనుంచి మొదలై పెరుగుతూ వస్తోంది. మధ్యకి వచ్చేదాకా ఆయనకి బాగా తెలిసింది. మధ్య దాటాక అది ఎటు పోతోందో ఆయనకి అందలేదు. ముందు వరసల తలలు చూశాడు. మందుల దుకాణం దంపతుల తలలు, టీచరమ్మ తల, సెలూన్ ఆయన తల, తమకి తెలియకుండానే కొద్దికొద్దిగా కుడికి తిరుగుతున్నాయి. అన్నీ కలిసి తిరిగి, కిటికీ దాకా వచ్చి, ఆగాయి.

ఆవిడ ఆయన ఎడమచెవి దగ్గరికి వంగింది.

"వెళ్లిపోయింది, మీ పక్కనుంచే," అంది.

"చూశాను," అన్నాడు ఆయన.